చిక్కన్న ఒక్కపొద్దు

“తినప్పా చిక్కన్నా. కోపం మనిషి మీద ఉండనీ, కూటి మీద ఎందుకు?”

డిటెక్టివ్ బీరలింగం ఇత్తడి టిఫిన్ క్యారియరును లాకప్ గదిలో చిక్కన్న మోకాళ్ల ముందు పెట్టాడు. చిక్కన్న దాని వంక చూడనైనా చూడలేదు. యాభై దాటిన మనిషి, గోడకు ఆనుకుని, ఒళ్లంతా గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. నిన్న పొద్దున హొసకోట ఠాణాకు పట్టుకొచ్చినప్పటి నుంచీ పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదని కానిస్టేబులు చెప్పాడు.

“ఎవరిచ్చి పంపినారు?”

“గంగాధర. పాయసం.”

చిక్కన్న నవ్వాడు. అందులో సరదా ఏమీ లేదు. “పద్దెనిమిదేండ్లుగా కోర్టులో నా మీద కొట్లాడే ఇంటి మనిషి ఈపొద్దు నాకు పాయసం పంపినాడా?”

“విరోధమైనా కడుపు కడుపే అన్నాడప్పా. తెల్లారుతూనే వండించినాడు. నేనే సైకిలుకు తగిలించుకుని తెచ్చినా.”

“ఈపొద్దు శనివారం. నాది ఒక్కపొద్దు. సందె దీపం పెట్టి ఆంజనేయస్వామికి మొక్కుకున్నాకనే ముద్ద ముట్టేది.”

“అట్లయితే సందెకే తిను. మాట మాత్రం ఇయ్యి. పస్తుండి నువ్వు పడిపోతే నాకు పాపం.”

చిక్కన్న ఆయన ముఖంలోకి ఒకసారి చూశాడు. “సరే. గంగాధర కోసరం కాదు, నీ కోసరం తింటాలే.”

బీరలింగానికి ప్రాణం తేలికపడింది. తిండి తింటానని ఒప్పుకున్న మనిషి నోరు కూడా విప్పుతాడని ఆయన నమ్మకం. బెంగుళూరులో హెడ్ కానిస్టేబులుగా ఇరవై ఏళ్లు చేసి, పైవాళ్లకు సలాములు కొట్టలేక ఉద్యోగం వదిలేసి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి. ఈ నమ్మకం ఆయనను ఎప్పుడూ మోసం చేయలేదు. ఇవాళ చేస్తుందని ఆయనకేం తెలుసు!

కేసు చూడబోతే చిన్నదే. ఈరప్ప అనే గొర్రెల పెద్ద, చనిపోయేముందు, హొసకోట బయట తన చేనూ, బావీ, గంజి చావడీ ధర్మానికి ధారపోశాడు. ఎండాకాలంలో మందలు తోలుకొచ్చే కాపరులెవరైనా సరే, అక్కడ గొర్రెలకు నీళ్లు పట్టుకోవచ్చు, తాము గంజి తాగవచ్చు. ధర్మకర్తగా రామాంజినప్పను పెట్టాడు. ఈరప్ప తమ్ముడి కొడుకు చిక్కన్న, అది ఉమ్మడి ఆస్తి, ధారపోయడానికి మా పెదనాన్నకు హక్కు లేదని దావా వేశాడు. కింది కోర్టు, జిల్లా కోర్టు, పై కోర్టు తిరిగి, మళ్లీ సాక్ష్యం తీసుకోండంటూ కేసు కింది కోర్టుకే వచ్చి కూర్చుంది. ఇప్పుడు ధారపోసిన రోజున అక్కడ ఉన్నవాళ్లలో మిగిలింది ఒక్కతే, మారక్క. ముసలిది కోర్టుదాకా రాలేదు కనుక, సోమవారం కోర్టు కమిషనరే ఆమె గుడిసెకు వచ్చి వాఙ్మూలం రాసుకుంటానన్నాడు. గురువారం రాత్రి మారక్క మాయమైంది. ధర్మకర్త పని తండ్రి రామాంజినప్ప నుంచి అందుకున్న గంగాధర, కాళ్లూ చేతులూ ఆడక బీరలింగానికి తంతి కొట్టించాడు.

“గురువారం మారక్క ఇంటికి పోయినావంటనే?” అన్నాడు బీరలింగం.

“పోయినా. పొద్దు వాలేటప్పుడు.”

“బెదిరించేకా?”

“కాళ్లు పట్టుకునేకి. అవ్వా, చూసింది చూసినట్ల చెప్పేయి, భూమి నాకొస్తే రానీ, పోతే పోనీ, ఈ పీడ తెగితే చాలు అంటి.” చిక్కన్న మీసం తడుముకున్నాడు. “దావా వేసినప్పుడు నా మీసాలు నల్లగుండె. రామాంజినప్ప చచ్చిపోతే, ఆయప్ప జాగాలో కొడుకు పేరు ఎక్కించేకే మూడేండ్లాయె. నాకు పెండ్లి లేటు, బిడ్డలు లేటు. పెద్దోడు ఇంకా అ ఆలు దిద్దుతా ఉండాడు. రేపు నేను పోతే? వానికొక గార్డియను, ఆ గార్డియను మీద ఒక తకరారు… వానికి మీసాలొచ్చినాక కూడా కోర్టు అరుగు మీదనే కూచోవాల గదప్పా.”

ఇది దొంగ ఏడుపు కాదని బీరలింగానికి అనిపించింది. కేసు తెగిపోవాలని కోరుకునేవాడు సాక్షిని ఎందుకు దాస్తాడు? గది నుంచి బయటికి వచ్చేసరికి అదే ప్రశ్న మెడలో రాయిలా వేలాడుతోంది.

బయట ఇన్‌స్పెక్టరు భీమసేనరావు బూట్లు టకటకలాడించుకుంటూ ఎదురొచ్చాడు. బీరలింగం ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే వీళ్లిద్దరికీ చుక్కెదురు.

“ఏమయ్యా బీరలింగం, ముద్దాయికి అన్నప్రాశన అయిందా? ఇక లాలిపాట కూడా పాడి వెళ్లు.”

“మారక్కను ఆ మనిషి తీసుకుపోలేదు సార్.”

“ఓహో! ఎలా తెలిసింది? కలలో కనిపించిందా? పక్కింటి ఓబక్క గురువారం రాత్రి మగవాళ్ల గొంతులు విన్నది. గుడిసెలో కుండలు పగిలి ఉన్నాయి. మంద కూడా లేదు. సాయంత్రం అక్కడ తచ్చాడినవాడు వీడొక్కడే. ముసలి దాన్ని ఏ పాడు బావిలో తోశాడో సోమవారంలోగా నేనే కక్కిస్తాను.”

“ఆడమనిషినీ, మందనూ తోలుకుపోయి బావిలో తోసేవాడు గొర్రెల్ని ఏం చేసినట్టు?”

“అమ్మేశాడు. గొర్రెల సంగతి నువ్వే చూసుకో. మీ తాతముత్తాతల విద్య కదా!”

బీరలింగం చెవులు మండాయి. నిజమే, ఆయన మడకశిర వైపు గొర్రెలకాపరుల ఇంట పుట్టినవాడే. ఆ మాట ఇన్‌స్పెక్టరు తిట్టుగా అన్నాడు. బదులు చెబితే పొద్దు పోవడం తప్ప ఒరిగేదేమీ లేదని సైకిలెక్కాడు.

మారక్క ఉండే హట్టి, అంటే కాపరుల చిన్న పల్లె, ఊరికి కోసెడు దూరం. దారిలో సైకిలు గొలుసు రెండుసార్లు ఊడి, హట్టి చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. ఓబక్క వాకిట్లోనే ఉంది. నలభై ఏళ్ల మనిషి, కొంగు నడుముకు చుట్టి పేడ తడుతోంది. ఆయనను చూసి చేతులు కడుక్కోవడానికి అవసరమైనదానికంటే ఎక్కువసేపు పట్టింది.

“ఎన్నిసార్లు చెప్పాల సామీ? మగోళ్ల గొంతులు వినిపించె. భయపడి తలుపేసుకుంటి. తెల్లారి చూస్తే అవ్వ లేదు, మందా లేదు.”

“ఎంతమంది మగోళ్లు?”

“ఇద్దరు. కాదు, ముగ్గురు.”

“కుక్క అరవలేదా?”

ఓబక్క ముఖం ఒక్క క్షణం బిగుసుకుంది. “దానికి రోగమొచ్చి ఆపొద్దే సచ్చిపోయె.”

మారక్క గుడిసెలో మూడు కుండలు పగిలి ఉన్నాయి. బీరలింగం పెంకులను కాలితో కదిపాడు. మూడూ పాతవి, అంచు విరిగినవి. ఇంకా పనికొచ్చే కొత్త కుండ మాత్రం మూలన భద్రంగా ఉంది. దొంగలకు ఇంత పొదుపు ఎక్కడిది? మేకుకు గొంగడి లేదు. ఊలు వడికే కదురూ లేదు. ఎత్తుకుపోయినవాళ్లు ముసలి దానికి పొద్దుపోవడానికి కదురు కూడా సర్దారన్నమాట.

ముందు వాకిలంతా ఇన్‌స్పెక్టరు బూటు గుర్తులే. పెరట్లోకి మాత్రం ఆ బూట్లు పోలేదు. అక్కడ చింతబరికెలతో అల్లిన పెద్ద గంప బోర్లించి ఉంది. బీరలింగం దాన్ని ఎత్తి చూశాడు. లోపల నాలుగు గొర్రెపిల్లలు, పుట్టి వారం కూడా అయి ఉండదు, ఒకదాని మీద ఒకటి తలలు పెట్టుకుని నిద్రపోతున్నాయి.

ఆయన ఒకదాన్ని చేతిలోకి తీసుకుని పొట్ట నొక్కి చూశాడు. నిండుగా, గట్టిగా ఉంది. మూతి దగ్గర ఇంకా తడి.

“తల్లులు పోయి రెండు రాత్రులాయె గదా ఓబక్కా. ఇవేం తిని బతుకుతా ఉండాయి?”

“నా గొర్రెల పాలు తాపినా.”

“నీ గొర్రె వేరేదాని పిల్లను దగ్గరికి రానిచ్చిందా? మా అవ్వ యాభై ఏండ్లు మంద కాచింది. ఒక్కపొద్దన్నా అట్లాంటి గొర్రె దొరికితే దానికి గుడి కట్టిస్తా అనేది.”

ఓబక్క గంపను మళ్లీ బోర్లించబోయింది.

“ఇన్‌స్పెక్టరుదొర నమ్ముతాడేమో గానీ, నేను నమ్మాల్నా? మందను తోలుకుపోయిన దొంగలు, పిల్లలకు ఆకలవుతాదని పూటపూటకూ తల్లుల్ని తోలుకొచ్చి పాలిప్పించి పోతా ఉండారా?” బీరలింగం వంగి నేల చూపించాడు. గంప చుట్టూ డెక్కల గుర్తులు, తడి ఆరని పెంట. ఆ గుర్తులు గుట్టవైపు పోతున్నాయి. “కుండలు పగలగొట్టినారు, అబద్ధాలు అల్లినారు. అన్నీ బాగనే చేసినారు. పిల్లల్ని ఆకలితో పెట్టేది మాత్రం మీ చేతకాలేదు.”

ఓబక్క గుడ్ల నీళ్లు కుక్కుకుంది. “పెట్టేకి మనసెట్ల ఒప్పుతాది సామీ? నోరు లేనివి గదా.”

ఆ మాటతో బీరలింగానికి కోపం పోయింది. ఇలాంటి మనుషులకు నేరం చేయడం రాదు, అందుకే దొరికిపోతారు. ఆయన పిల్లను మెల్లగా గంప కింద పెట్టాడు. “అవ్వకు నా వల్ల కీడు జరగదు. మా బీరప్ప మీద ఆన.”

దేవుడి పేరు విన్నాక ఓబక్క ముందు నడిచింది.

గుట్ట వెనక, పెద్ద బండల మధ్య, ముళ్లకంప అడ్డం వేసిన పాత దొడ్డి ఉంది. మారక్క అక్కడే, మోకాళ్ల మీద గొంగడి వేసుకుని ఊలు వడుకుతోంది. చుట్టూ గొర్రెలు నెమరు వేస్తున్నాయి. పక్కనే రాగిసంకటి గిన్నె. ఎత్తుకుపోబడిన మనిషికి ఇంత సుఖం ఎక్కడా ఉండదు.

“అవ్వా, భయపడొద్దు. నన్ను గంగాధరనే పంపినాడు,” అన్నాడు బీరలింగం ధైర్యం చెబుతున్నాననుకుని.

మారక్క చేతిలోంచి కదురు జారిపోయింది. ముసలిది తడబడుతూ లేచి, గొర్రెలు తోలే కర్రను రెండు చేతులా పట్టుకుంది.

“యాడుండాడు? నీ వెనకాలనే వచ్చినాడా? చేతిలో ఏమన్నా తెచ్చినాడా?”

బీరలింగం వెనక్కి తిరిగి దారి వంక చూశాడు. ఇంతవరకూ ఆయన లెక్కలో భయపెట్టేవాడు చిక్కన్న, కాపాడేవాడు గంగాధర. ఎవరూ రాలేదని ఓబక్క ఒట్టు పెడితే గానీ ముసలిది కర్ర దించలేదు.

“ఏమైందవ్వా? ఆయప్ప మీ పక్షమే గదా?”

“హనుమంతరాయప్పను ఎరగవులే నువ్వు. ధారపోసినపొద్దు ఉన్నోళ్లల్లో ఆ మనిషీ నేనూ మిగిలింటిమి. పోయినేడు ఆయప్ప సాక్ష్యం చెప్పాల్సిన ముందురోజు, గంగాధర ఇంటినుంచి పాయసం వచ్చె. తెల్లారేకి మనిషి లేడు. వయసైపోయిందనిరి. నేనూ అట్లనే అనుకుంటి.” మారక్క ఊపిరి తీసుకుంది. “మొన్న గురువారం చిక్కన్న వచ్చిపోయినాక, గంగాధర తానే వచ్చినాడు. ఇత్తడి క్యారియరులో పాయసం. తిను అవ్వా, సోమవారం బాగ మాట్లాడాల అనె. నాకు తీపి పడదప్పా. పారేసేకి మనసొప్పక కుక్కకు పోస్తి.”

ఓబక్క ముఖం తిప్పుకుంది. కుక్క రోగం ఏమిటో ఇప్పుడు చెప్పాల్సిన పని లేదు.

బీరలింగం గొర్రెల మధ్యే చతికిలబడ్డాడు. “ఎందుకవ్వా? నువ్వు సాక్ష్యం చెప్తే ధర్మం గెలుస్తాది. గెలిస్తే మేలు ఆయప్పకే గదా?”

“ఏం మేలు? ఈరప్ప ధారపోసేటప్పుడు చెంబు పట్టుకున్నది నేనే. నీళ్లు పోస్తా ఏమన్నాడో విన్నది నేనే. దీన్ని చూసుకునేవాడు యేటా కాపరుల ముందర నిలబడి, వచ్చిందెంత, పెట్టిందెంత నోటితో చెప్పాల అనె. రామాంజినప్ప ఉన్నన్నాళ్లూ చెప్పె. కొడుకు ఒక్కేడు గూడా చెప్పలే. అడిగితే కేసు తెగనీ, అప్పుడు చెప్తా అంటాడు.” ముసలి కళ్లు ఆయన మీద నిలిచాయి. “ఓడితే చేను పోతాది. గెలిస్తే లెక్క చెప్పాల. కేసు నడస్తా ఉంటే? చేన్లో చెనిక్కాయ వానిది, బావి వానిది, అడిగే దిక్కు లేదు. వానికి కావాల్సింది గెలుపూ కాదు, ఓటమీ కాదప్పా. తెగకుండా ఉండేదే.”

పద్దెనిమిదేళ్లు ఎందుకు పట్టిందని అందరూ కోర్టునే తిట్టారు. ప్లీడర్లను తిట్టారు. వాయిదా అడుగుతున్న మనిషి ముఖం వంక ఒక్కరూ చూడలేదు. బీరలింగానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఠాణాకు పోయి చెప్పొచ్చు గదా?”

“చెప్తే నమ్ముతారా? పొద్దున నీకు చెప్పింటే నువ్వు నమ్మింటివా?”

బీరలింగానికి గంగాధర ఇంట్లో పొద్దున తాగిన కాఫీ గుర్తుకొచ్చింది.

“సోమవారం కమిషన్ దొర వచ్చినప్పుడు నేరుగా ఆయప్ప ముందరికే పోదామనుకుంటి. అంతవరకే ఈడ,” అంది మారక్క. “చిక్కన్నను పట్టుకున్నారంటే ముందు కడుపు రగిలిపాయె. మగోళ్ల గొంతులని ఈ ఓబక్క అనకుండా ఉంటే బాగుండె. మళ్లీ అనుకుంటిమి, కటకటాల వెనక ఉంటేనే వానికీ మంచిది. ఆడికైతే గంగాధర ఇంటి కూడు పోదు గదా అని.”

బీరలింగం లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే ఒక క్షణం తెలియలేదు. తర్వాత తెలిసింది.

ఇత్తడి క్యారియరు. పాయసం. రామాంజినప్ప చచ్చిపోతే పేరు ఎక్కించేకే మూడేండ్లు. రేపు నేను పోతే? అ ఆలు దిద్దే కొడుకు, వాడికో గార్డియను, గార్డియను మీద తకరారు. సాక్షి దొరకకపోతే ఒక్క వాయిదా పడుతుంది. దావా వేసినవాడే పోతే కేసు ఒక తరం వెనక్కి పోతుంది.

నీ కోసరం తింటాలే, అన్నాడు చిక్కన్న. గంగాధర మాట మీద ఆ మనిషి చచ్చినా ముట్టుకునేవాడు కాదు. మాట తీసుకున్నది తాను. బతిమాలి, నచ్చచెప్పి, పాపం నాదని ఒట్టు పెట్టినంత పని చేసి వచ్చింది తాను.

“పొద్దు యాడుండాది?” అని అరిచాడు.

గుట్టమీద ఎండ పల్చబడి, నీడలు దొడ్డి దాటి పోయాయి. సందెకు ఇక ఎంతో సమయం లేదు. ఓబక్కతో ముసలిదాన్ని కదలనివ్వొద్దని చెప్పి, బీరలింగం బండల మీదుగా పరుగు తీశాడు. వయసు నలభై ఐదు, పొట్ట కూడా ఉంది. రెండుసార్లు జారాడు, మోచెయ్యి చీరుకుపోయింది. ఆంజనేయస్వామీ, ఇవాళొక్కరోజు పొద్దును కాస్త ఆపు తండ్రీ అని, ఎన్నడూ మొక్కనివాడు మొక్కుకున్నాడు. సైకిలు ఎక్కి తొక్కబోతే గొలుసు మళ్లీ ఊడి వెనక చక్రంలో ఇరుక్కుంది. లాగితే వేళ్లు తెగాయి కానీ గొలుసు రాలేదు.

అప్పుడే హట్టి ముందు జట్కా వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు భీమసేనరావు దిగాడు.

“ఎక్కడికయ్యా ఆ పరుగు? ముసలిది దొరికిందా?”

“జట్కా తిప్పండి సార్! ఠాణాకు పోవాల. చిక్కన్న ఆ క్యారియరు ముట్టుకోకూడదు!”

“నువ్వే మోసుకొచ్చి పెట్టావు, నువ్వే ముట్టుకోకూడదంటావు. ఎండ దెబ్బ తగిలిందా?”

“అందులో విషముండాది సార్. హనుమంతరాయప్పను చంపింది అదే. మారక్క బతికుండాది, ఆమే చెప్పింది. చంపింది గంగాధర. నేను తప్పు చేసినా. మీ కాళ్లు పట్టుకుంటా, ముందు జట్కా తిప్పండి!”

బీరలింగం నోట తప్పు చేశానన్న మాట భీమసేనరావు ఎన్నడూ వినలేదు. ఆయన ముఖంలోని ఎకసెక్కం మెల్లగా వెలిసిపోయింది. చేతికర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

“గంగాధరా?” అన్నాడు. “నేను బయల్దేరేటప్పుడు ఆయన ఠాణాలోకి వచ్చాడు.”

“ఎందుకు?”

“ఒక్కపొద్దు మనిషి, లాకప్‌లో దీపం ఎక్కడిది, పాపం అన్నాడు. ఇంటి నుంచి ప్రమిదా, నూనే తెచ్చాడు. తానే వెలిగిస్తానని లోపల కూర్చున్నాడు. నేనే తలుపు తీయించాను.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి జట్కా మీదికి దూకారు. జట్కావాడు గుర్రాన్ని తిప్పుతుండగా, వాళ్ల వెనక హట్టిలో ఎవరో ఇల్లాలు గడప పక్క గూట్లో సందె దీపం పెట్టింది.